గోధుమరంగు చెప్పని సంగతి

1986 వానాకాలంలో అమలాపురంలోని ఒక మిషను ఆసుపత్రిలో పాథాలజిస్టుగా చేరాను. శరీరంలోంచి తీసిన ముక్కను పలచగా కోసి, రంగు వేసి, జబ్బేమిటో చెప్పడం నా పని. కిటికీ కింద కాలువ. నీటి వెలుతురు రోజంతా గది గోడల మీద ఊగుతూ ఉండేది.

మద్రాసులో పరిశోధన చేసే మిత్రుడు నాకొక చిన్న సీసాలో యాంటీబాడీ ఇచ్చాడు. ఎముక పదార్థంలో ఉండే ఆస్టియోనెక్టిన్ అనే ప్రోటీనును అది వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట గోధుమరంగు తేలేలా మరో మందు వేస్తాం. ఐసులో పెట్టి గోదావరి దాటించి తెచ్చాను. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదన్న గర్వం నాకుండేది.

మామిడికుదురు నుంచి ఏసురత్నం అనే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే కార్మికుడు తొడలో గట్టి వాపుతో వచ్చాడు. సర్జన్‌గారు ముక్క తీసి పంపారు. మామూలు రంగులతో ఏమీ తేలక యాంటీబాడీ వేశాను. సూక్ష్మదర్శిని కింద, వరద తీస్తుంటే ఏటి నడుమ లంకలు బయటపడ్డట్టు గోధుమరంగు మెల్లగా పైకి వచ్చింది. పనిని మరిచి ఆ అందాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఎముక క్యాన్సరని రాసి సంతకం చేశాను. కాలు తీసేయడానికి రోజు నిర్ణయించారు.

దానికి ముందురోజు అతని భార్య మరియమ్మ నా గదికి వచ్చింది.

"ఒంటికాలితో చెట్టెక్కించే మందేమైనా ఉందాండీ మీ దగ్గర?"

వాపు ఎలా మొదలైందని అడిగాను. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"చెట్టు మీంచి జారేరండీ. మా అత్తగారు రోజూ నూనె రాసి గట్టిగా తోమేరు. తోమేకొద్దీ రాయైపోయింది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"పడ్డారని తెలిస్తే దింపుకెవరూ పిలవరని ఆయనే వద్దన్నారు. మీరూ అడగలేదు కదండీ."

దెబ్బతిన్న కండను అలా తోమితే అందులో కొత్త ఎముక పుట్టవచ్చు. దానిలోనూ అదే ప్రోటీను ఉంటుంది. అక్కడ ఎముక తయారవుతోందని మాత్రమే యాంటీబాడీ చెప్పింది. క్యాన్సరన్నది నేను.

వెంటనే సర్జన్‌గారి దగ్గరికి వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. ఎక్స్‌రే మళ్లీ తీయించారు. వాపు అంచులు గట్టిపడి లోపల పలచగా ఉంది. ఇలాంటి క్యాన్సరులో సాధారణంగా లోపలే గట్టిగా ఉంటుంది. ఆపరేషను ఆగింది. "రోగి పక్క వార్డులోనే ఉన్నాడు కదయ్యా, నీ సీసాలా మద్రాసులో లేడుగా," అన్నారాయన.

మరియమ్మ వచ్చి నాకు దణ్ణం పెట్టింది. కాలు తీయించబోయిన రిపోర్టు నాదేనని ఆమెకు చెప్పలేదు.

రంగు ప్రోటీను ఉనికిని చూపిస్తుంది. అది అక్కడికెలా వచ్చిందో మనిషిని అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా రోగితో మాట్లాడకుండా ఏ ఎముక రిపోర్టు మీదా సంతకం చేయలేదు.