నిమిషానికొకరు

మాత్ర వేసుకున్న మనిషి దగ్గర ఎన్నో నిమిషానికి రక్తం తీయాలో రాసివ్వడం నా ఉద్యోగం. నెల్లూరు శివార్లలో మందుల పరీక్షా కేంద్రం మాది. పాత కంపెనీ మాత్ర, దానికి బదులుగా చేసిన కొత్త మాత్ర రక్తంలోకి ఒకేలా చేరుతున్నాయో లేదో చూస్తాం. దాన్నే బయోఈక్వివలెన్స్ అంటారు. రక్తంలో మందు బాగా ఎక్కే వేళ చేజారితే పరీక్షంతా దండగ. అందుకే ఆ వేళ చుట్టూ శాంపిళ్ళు దగ్గరదగ్గరగా పెడతాం.

ఆసారి వచ్చింది నొప్పుల మాత్ర. గంటలోపే ఎక్కి దిగిపోయే రకం. పది నిమిషాలకొక శాంపిల్ పెట్టాను. పదిమంది వాలంటీర్లకు నిమిషం తేడాతో మాత్ర వేయించి, అదే వరసలో నిమిషానికొకరి దగ్గర రక్తం తీయమన్నాను. పదిమంది, పది నిమిషాలు. కాగితం మీద ఎంత ముచ్చటగా కుదిరిందో! నా తెలివికి నేనే మురిసిపోయాను. వార్డులోకి వెళ్ళి ఒక్కసారైనా నిలబడి చూశానా అంటే, లేదు.

రక్తం తీసే అక్క గూడూరు నుంచి రోజూ రైల్లో వచ్చేది. భర్త నిమ్మకాయల మండీలో మూటలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఒక్కొక్కరి దగ్గరా గ్లౌజులు మార్చాలి, చేతికి పెట్టిన గొట్టంలోంచి సెలైన్ తీసేయాలి, రక్తం తీయాలి, మళ్ళీ సెలైన్ ఎక్కించాలి, ట్యూబు నంబరు సరిచూడాలి. ఎంత చురుకైన చేతికైనా నిమిషంన్నర పడుతుంది. ఆరో మనిషి దగ్గరికి వచ్చేసరికే రెండు నిమిషాలు దాటి వెనకబడింది. నేను రాసిచ్చిన టైమే వేసేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె గోడ గడియారం చూసి ఉన్నదున్నట్టు రాసింది.

మేనేజరు గారు ఆ కాగితాలు నా ముందు పెట్టి, "ఇన్ని లేట్లు ఏందయ్యా? యాడ తప్పు జరిగింది?" అన్నారు. కారణం రాయాల్సిన గడిలో 'సిబ్బంది ఆలస్యం' అని రాశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అది రాసిన చెయ్యి నాదేనని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నెల తిరక్కుండా ఆమెను తీసేశారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

తరవాతి పరీక్షకు ఎవరికీ చెప్పకుండా మూడు నిమిషాల తేడా పెట్టాను. రక్తం తీసే టేబుళ్ళు పెంచి, టేబులుకు ముగ్గురు వాలంటీర్లనే ఇచ్చాను. ఒక్క శాంపిలూ ఆలస్యం కాలేదు. "కొత్తోళ్ళ చేతులు భలే చురుగ్గా ఉండాయే" అని మేనేజరు గారు మెచ్చుకున్నారు. నేనూ తలూపాను.

ఆ వారమే అక్క అనుభవం సర్టిఫికెట్ కోసం వచ్చింది. మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఆలస్యం నాదని కాగితంలో రాసినారంట. తెలీక అడగతా ఉండా, యాడ ఆలస్యం చేసినానో చెప్పండి సార్. ఇంకోచోట చేరితే దిద్దుకుంటా."

ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. తప్పు నాదే అక్కా అనడానికి ఎంతసేపు? మేనేజరు గారి గది తలుపు తీసే ఉంది.

"గ్లౌజులు మార్చేటప్పుడు కొంచెం త్వరపడాల అక్కా" అన్నాను.

ఆమె తన చేతులకేసి చూసుకుంది.

"నిజమే సార్, అక్కడే నాకు నిదానం" అంది. "మంచిమాట చెప్పినారు. వందనాలు."