మల్లెలతీర్థంలో నేను దిగని మెట్లు

ఆ రాత్రి దిగాల్సినప్పుడు నేను కిందికి దిగలేదు.

ఈ మాట మా అత్తమ్మకు చెప్పలేదు. మా అమ్మకూ చెప్పలేదు. ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకునే నా డైరీలో కూడా ఆ తేదీ కింద తెల్లకాగితమే ఉంది. మా ఆయనొక్కడికే చెప్పాను... అదీ మొన్న. మీరు నమ్మినా నమ్మకపోయినా, మాకు అన్నం పెట్టే మగ్గం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు.

మాది చిట్యాల పక్కన పల్లె. చిటికీ చీరలు, అంటే ఇక్కత్ చీరలు నేసే ఇల్లు. ఆయన నేస్తాడు, నేను నూలు పని చూస్తాను. అప్పటికి మా పెళ్ళయి పది నెలలు. ఇద్దరం కలిసి ఎక్కడికీ పోలేదు. మల్లెలతీర్థం గురించి ఏదో పాత పుస్తకంలో చదివి నేనే ఆయన వెంటపడ్డాను. నల్లమల అడవి లోపల మూడు వందలకు పైగా మెట్లు దిగితే, లోయలో జలపాతం. వానలు తగ్గగానే చూడాలట.

"గంత దూరమా? బండి మీదనా?" అన్నాడు.

"బండి మీదనే. పోదాం జర."

"మా అమ్మకేం చెప్తవ్?"

"పానగల్లు, మా అమ్మగారింటికి పోతున్నమని చెప్త."

"అబ్బో! నీకు నోట్లె నాలుకనే లేదనుకున్న. గింత పెద్ద అబద్ధమా?" అని పడీపడీ నవ్వాడు.

అలా మొదటి అబద్ధం నాదే.

దేవరకొండలో బండి పంక్చరయింది. మెట్ల దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. పైన కాపలాకు ఒక చెంచు తాత ఉన్నాడు. "జల్ది రాండ్రి బిడ్డా. చీకటైతె మెట్లు కనవడయ్" అన్నాడు.

కింద ఎంత బాగుందో చెప్పలేను. నల్లటి బండ మీదనుంచి తెల్లగా నీళ్ళు... మొహం మీద తుంపర. ఉన్న నలుగురైదుగురూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. "ఇగ పోదామే" అన్నాడు ఆయన. "ఇంకొంచెంసేపు" అన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఆపాను. ఆ నీళ్ళ చప్పుడు మా ఇద్దరికే వినిపించాలని నా కోరిక.

ఎక్కడం మొదలుపెట్టేటప్పటికే చీకటి పడింది. ఉన్నది ఒక్క ఫోను, ఆయనది. దాని వెలుగులో సగం మెట్లు ఎక్కాం. ఆయన ఆగి జేబులు తడుముకున్నాడు.

"బండి తాళంచెవి నీళ్లకాడ రాయి మీదనే మర్చిపోయిన. నువ్వీడనే కూసో. గిట్ల పోయి గట్ల వస్త."

వెలుగు కిందికి దిగింది... మలుపు తిరిగింది... కనపడకుండా పోయింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. నా చెయ్యి నాకు కనిపించడం లేదు.

అప్పుడు ఒక రాయి దొర్లిన చప్పుడు. వెంటనే "అమ్మా!" అని ఒక్క కేక.

అంతే. తర్వాత నీళ్ళ హోరు ఒక్కటే.

లేచి నిలబడ్డాను. పిలవాలి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. అలాంటప్పుడు కూడా ఆ పేరు నా నోటికి రాలేదు. "ఇగో..." అన్నాను. "ఇగో... ఏమైంది?"



"ఇగో!" ఈసారి గట్టిగా అరిచాను.

కిందనుంచి అడుగులు వినిపించాయి. తడి కాళ్ళు రాతి మీద పడే చప్పుడు. చప్... చప్... చప్... హమ్మయ్య, వస్తున్నాడు అనుకున్నాను. "దెబ్బ తాకిందా?" అని అడిగాను. అడుగులు మాత్రం వస్తున్నాయి. కుంటడం లేదు. తడబడటం లేదు. ఆ కటిక చీకట్లో, వెలుగు లేకుండా... ఒకే తీరుగా.

నాకు నాలుగు మెట్ల కింద ఆగాయి.

ఎవరూ కనిపించలేదు. ఊపిరి వినిపించలేదు. తడిబట్టల దగ్గర ఉండే చల్లదనం తగిలింది. టప్... టప్... నీళ్ళ బొట్లు రాలుతున్నాయి. 'ఎవరు' అని అడగాలి. నేను పేరు పెట్టి పిలవలేదు కదా... 'ఇగో' అంటే ఎవరినైనా పిలిచినట్టే కదా...

ఎంతసేపు నిలబడిందో తెలియదు. తర్వాత తిరిగింది. చప్... చప్... మెల్లగా కిందికి. ఆయన ఉన్న వైపు.

ఆయన ఉన్న వైపే పోతోందని నాకు తెలుసు. తెలిసే... నేను పైకి పరుగెత్తాను.

చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకుతూ ఎక్కాను. పైన కాపలా గుడిసెలో ఎవరూ లేరు. బండి వెనక ముడుచుకుని కూర్చున్నాను. అరవలేదు. ఏడవలేదు. గంట గడిచి ఉంటుంది. మా బండి అక్కడే ఉండిపోయిందని ఎవరో చెబితే, తాత ఇంకొకాయనను వెంటబెట్టుకుని టార్చితో వచ్చాడు. "మా ఆయన కిందున్నడు" అని మాత్రం చెప్పగలిగాను. వాళ్ళ వెనకే దిగాను.

ఆయన ఆఖరి మెట్ల దగ్గర బండకు ఆనుకుని ఉన్నాడు. కాలు వంకరపోయింది. తలనుంచి రక్తం. మొహంలో మాత్రం భయం లేదు.

"ఫికర్ చెయ్యకు తాతా, బతికే ఉన్న" అన్నాడు. "ఇది నా పక్కనే ఉండె. గింతసేపు నా చెయ్యి ఇడ్వలే. ఇప్పుడే మిమ్ముల పిలువనీకి పైకి పోయింది."

తాత వెనక్కి తిరిగి నన్ను చూశాడు. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: "నువ్వు పైన గదా ఉన్నవ్ బిడ్డా?"

తల వంచుకున్నాను. తాత మళ్ళీ అడగలేదు.

మర్నాడు దవాఖానకు మా అత్తమ్మ ఊడిపడింది. "పానగల్లుల జలపాతం ఎప్పుడు పుట్టిందే?" అని మొదలుపెట్టింది. కొడుకు చెప్పింది విన్నాక నన్ను పట్టుకుని ఏడ్చింది. వాడకట్టంతా చెప్పింది, తన కోడలు యముడి చేతిలోంచి కొడుకును గుంజుకొచ్చిందని. కాలు విరిగి నాలుగు నెలలు ఆయన మగ్గం తొక్కలేదు. చూడటానికి వచ్చినవాళ్ళందరితో ఆయనది ఒకటే మాట: "దీనిది పిల్లి గుండె అనుకున్న. పులి గుండె!" నేను వంటింట్లోకి పోయేదాన్ని. పొగకు కళ్ళు మండుతున్నాయనేదాన్ని. మా పొయ్యి గ్యాసుది.

తలకు దెబ్బ తగిలితే లేనివి ఉన్నట్టు అనిపిస్తాయని డాక్టరు ఒకసారి వేరే ఎవరికో చెబుతుంటే విన్నాను. అదే అయ్యుంటుందని సర్దుకున్నాను. మరి నేను విన్న అడుగుల సంగతేంటి? నా తలకు ఏ దెబ్బా తగల్లేదు. ఎలుగుబంటి అనుకుందామని చూశాను. ఎలుగుబంటి మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోదు.

మొన్న మా అమ్మ వచ్చింది. ఆయన మళ్ళీ అదే చెప్పాడు. మా అమ్మ మురిసిపోయి నా తల నిమిరింది. ఇక తట్టుకోలేకపోయాను. అందరూ పడుకున్నాక ఆయనకు చెప్పేశాను. నేను రాలేదని. అడుగులు విన్నానని. అవి ఎటు పోతున్నాయో తెలిసే పారిపోయానని.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా కుడిచెయ్యి అందుకుని చూపుడువేలు తడిమాడు. రంగుల్లో ముంచే ముందు నూలుకు రబ్బరు బిగించి కట్టీ కట్టీ, ఆ వేలి మీద లోతుగా గాటు పడింది. ఈ పని చేసే ఆడవాళ్ళందరికీ ఉంటుంది.

"గా చేతికి గీ గాటు లేకుండె" అన్నాడు. "నీళ్లల్ల నాని తెలుస్తలేదేమో అనుకున్న. గట్లనే అనుకుంట వచ్చిన..."

"మరి ఆ చెయ్యి ఎట్లుండె?" అని అడిగాను.

నా చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు. నిద్రపోయాడనుకున్నాను. అటు తిరిగే అన్నాడు:

"ఎందుకు చెప్పినవ్? నువ్వే అనుకుంటె నాకు నిద్ర పడ్తుండె."