షుగర్ క్లాసు

పోయిన నెల బేతంచెర్ల నుంచి ఒకబ్బాయి మా చీరల దుకాణానికి ఫోన్ చేశాడు. "మా నాయన పోయినాడు సార్, గుండెనొప్పి. మీ నంబరు ఆయన నోటుబుక్కులో ఉండాది" అన్నాడు. ఎవరని మా తమ్ముడు అడిగితే "ఎవరో తెలిసినాయనలే" అన్నాను. ఆయన బతికున్నప్పుడు కూడా ఒకసారి ఇలాగే, ఎవరో అన్నట్టే మాట్లాడాను.

పోయినాయన నాపరాళ్లకు పాలిష్ పట్టే పెద్దాయన. మాకు పరిచయం కర్నూలు ఆసుపత్రిలో. నాకు బైపోలార్ జబ్బుంది. కొన్నాళ్లు నిద్రే అక్కర్లేదనిపిస్తుంది, కొన్నాళ్లు మంచం దిగలేను. ఒకసారి నంద్యాలలో దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి మహానందికి నడిచిపోయాను. భక్తి ముదిరిందని మావాళ్లు ఊళ్లో సర్దిచెప్పారు. ఆ తర్వాతే, ఇదే జబ్బున్నవాళ్లను పదిమందిని కూర్చోబెట్టి పాఠం చెప్పే మంగళవారం క్లాసుకు డాక్టరు పంపాడు. వియ్యాలవారికి మాత్రం షుగర్ క్లాసని చెప్పాను. మాత్రలు, రక్తపరీక్షలు అన్నీ అబద్ధానికి అతికిపోయాయి. పెళ్లిళ్లలో నా విస్తట్లో లడ్డు పడనిచ్చేవాళ్లు కాదు.

జబ్బు పెరిగేముందు ఎలా తెలుస్తుందని క్లాసులో సిస్టరమ్మ అడిగింది. పెద్దాయనే లేచాడు. "నాలుగు గంటలే పండుకుని కూడా 'నా అంత బాగుండేటోడు లేడు' అనిపిస్తే, ఆ పొద్దు భయపడల్లప్పా!" అందరం నవ్వాం. ఆ మాటే తర్వాత నన్ను రెండుసార్లు కాపాడింది. ప్రతి మంగళవారం ఆయన ముందే వచ్చి, రాతిపొడి అంటిన తుండుగుడ్డ పక్క కుర్చీ మీద వేసి నాకు చోటు పట్టేవాడు.

ఒకరోజు భార్యకు చీర తీసుకుందామని మా దుకాణానికే వచ్చాడు. పక్కన మా వియ్యంకుడు కూర్చున్నాడు.

"ఏమప్పా, ఈ మంగళవారం క్లాసుకు రాకపోతివే?"

ఇంకో మాటకు జబ్బు పేరు బయటపడుతుందని భయమేసి, "ఎవరయ్యా నువ్వు?" అన్నాను.

ఆయన వియ్యంకుణ్ణి చూశాడు, నన్ను చూశాడు. "నేనే పొరబడితినప్పా. అచ్చం మీ మాదిరే ఇంగొకాయనుండాడు" అని చీర చూడకుండానే మెట్లు దిగాడు.

తర్వాతి మంగళవారం నా కుర్చీ మీద ఆ తుండుగుడ్డ అలాగే ఉంది. తీసి, భుజాన వేసుకుని, "కూచో" అన్నాడు. కూర్చున్నాను. వియ్యాలవారికి ఇది షుగర్ క్లాసని చెప్పానని మాత్రం గొణిగాను. తప్పయిందని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతుంది.

కర్మలయ్యాక బేతంచెర్ల పోయాను. కనీసం ఆయన భార్యకైనా జరిగింది చెప్పుకోవాలని దారంతా అనుకుంటూనే ఉన్నాను. నంద్యాల నుంచి వచ్చానంటే ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, టీ తెచ్చింది.

"చక్కెర ఎయ్యలేదన్నా. మీకు షుగరంట కదా. ఆయనే చెప్పినాడు, క్లాసులో మీ ఒక్కరిదే వేరే జబ్బని. శానా మంచాయన, పాపం తీపి తినగూడదు అంటాండె."

తన జబ్బును దాచని మనిషి నా జబ్బును సొంత ఇంట్లో దాచాడు.

"నాకు షుగర్ లేదమ్మా" అని ఆమెతో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ చేదు టీ అడుగుదాకా తాగాను. ఆమె గిన్నె పట్టుకుని ఇంకా నిలబడే ఉంది.

"ఇంగొంచెం పొయ్యమంటారా అన్నా?"

గ్లాసు ముందుకు చాపాను.