మూడో కొక్కెం

మా లెక్కల అయ్యవారు రెండు వారాల కిందట మదనపల్లెలో, తన ఇంట్లోనే పోయారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకోసం ఈ నాలుగు మాటలు. నేను అదే బడిలో డ్రాయింగు టీచర్ని.

డెబ్బై ఒకటి యుద్ధంలో, ఎడారి సరిహద్దున, ట్యాంకు దళంలో ఉన్న ఆయన ఒక్కగానొక్క కొడుకు కనబడకుండా పోయాడు. టెలిగ్రాంలో అంతకుమించి ఏమీ లేదు. మరుసటేడు ఎవరో ఒక విదేశీ పత్రిక తెచ్చిచ్చారు. అందులో ఇసుకలో కాలిపోయిన మన ట్యాంకు ఫొటో. లోపలివాళ్లెవరూ బతకలేదని కింద రాసి ఉంది. తన ట్యాంకు మన ఆవడి ఫ్యాక్టరీలోనే తయారైందని అబ్బాయి ఉత్తరాల్లో గొప్పగా రాసేవాడు. అదే నమూనావి మొదట కొన్ని ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయట. ఫొటోలోది ఇంగ్లండుదైతే అబ్బాయి అందులో లేనట్టే. ఎక్కడో ఖైదులో ఉన్నాడనుకోవచ్చు.

పుంగనూరులో ఒక రిటైరైన ట్యాంకు మెకానిక్కు ఉన్నాడని తెలిసి ఇద్దరం వెళ్లాం.

“సూపుకి రెండూ ఒకటే సార్,” అన్నాడతను. “మా దళంలో ఉండేవాటికైతే ఎనకాల సామాన్ల పెట్టె సూడాల. ఇంగ్లండుదానికి కొక్కేలు రెండు, ఆవడిదానికి మూడు.”

ఫొటోలో ఆ పెట్టె మసిబారి ఉంది. ఆవడి నుంచి ట్యాంకులు గూడ్సుబండి మీద కుప్పం మీదుగా పోతాయని విని, అయ్యవారు నెలకో ఆదివారం ఆ స్టేషనుకు వెళ్లేవారు. గాలికి టార్పాలిను లేచినప్పుడు కనబడినంత చూసి, వచ్చి, కొక్కేలు ఎక్కడుంటాయో ఫొటోతో పోల్చడానికి నాచేత బొమ్మ గీయించేవారు. నేను తప్పు గీస్తే, “ఇంగోసారి సూడప్పా, తొందరేముండాది,” అనేవారు. లెక్క రాని పిల్లలతోనూ అదే మాట.

ఒకరోజు భూతద్దం పెట్టి చూస్తుంటే మసి కింద మూడో కొక్కెం నాకు కనబడింది.

“ఏమీ తెలియడంలేదు సార్,” అన్నాను.

ఆయన ఫొటో తీసుకుని పుస్తకంలో పెట్టేశారు. “బొమ్మలేసేవాడివి, నీకు కనపడకుండా ఉంటాదా? నాకు మొదటి నెలలోనే కనపడిందిలే. ఇంట్లో ఆమెకు మాత్రం ఇంకా తేలలేదని చెప్తాండాను.”

“మరి కుప్పం యాల పోతాండారు సార్?”

“పోకపోతే తేలిపోయిందని ఆమెకు తెలిసిపోతాది.”

పన్నెండేళ్లు వెళ్లారు. కాళ్లు వాచినా బస్సెక్కేవారు.

కర్మ ముగిసిన సాయంత్రం ఆయన భార్య నన్ను లోపలికి పిలిచారు. “ఇంకా తేలలేదు కదా నాయనా. ఈ ఆదివారం నువ్వు పోతావా?”

పోతానమ్మా అన్నాను.

నిన్న ఆవిడ కట్టిచ్చిన పెరుగన్నం పట్టుకుని కుప్పం వెళ్లాను. మధ్యాహ్నం గూడ్సు వచ్చింది, ఆగలేదు. చివరి పెట్టె మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. పొట్లం విప్పలేదు. అరటాకు మడతల్లోంచి మజ్జిగ ఊరి నా చేతి మీద కారుతూ ఉంది.