ఆమెన్ చెప్పని ప్రార్థన

మా నాన్న ప్రార్థన మొదలెడితే ఇడ్లీలు చల్లారాల్సిందే. పామర్రులో బడిపంతులు, పైగా చర్చిలో సంఘపెద్ద. మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపేవారు. ముందు కాలవల్లో నీళ్ళిచ్చినందుకు దేవుడికి వందనాలు, తర్వాత వరిచేలు, తర్వాత ఇరుగుపొరుగు, వాళ్ళ గొడ్డూగోదా, ఆఖర్న మేము. మా వంతొచ్చేసరికి మోకాళ్ళు పట్టేసేవి. అప్పుడు అమ్మ దగ్గేది. ఆ దగ్గు వినగానే నాన్న గబగబా ఆమెన్‌లోకి దిగేవారు. ఆ దగ్గు పుణ్యమా అని ఇంటిల్లిపాదీ బతికాం.

డెబ్భైల్లో నేను బెజవాడలో నర్సు చదువు ముగించి, అక్కడే ఓ ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, టాంజానియా పల్లెల్లో బాలింతలకీ పసిపిల్లలకీ వైద్యం చెయ్యడానికి రెండేళ్ళు వాలంటీరుగా రమ్మని పిలుపొచ్చింది. మా వైపు వాలంటీరంటే సభల్లో బ్యాడ్జీ పెట్టుకుని మంచినీళ్ళందించే మనిషి. "నీళ్ళందించడానికి ఆఫ్రికా దాకానా?" అంది అమ్మ.

అమ్మని నవ్వించి ఒప్పించాను. నాన్న దగ్గర ఆ పప్పులుడకలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మనూళ్ళో రోగులు లేరా అన్నారు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. నేను పుట్టిన ఆసుపత్రి కట్టినవాళ్ళు సముద్రాలు దాటొచ్చారు, వాళ్ళ నాన్నలూ ఇలాగే అనుంటే అమ్మ నన్నెక్కడ కనేదని అడిగేశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాతో మాటల్లేవు.

ఆయన వద్దన్నా వెళ్ళేదాన్నే. కానీ ఆయన చెయ్యి నా తల మీద పడకుండా వెళ్ళడమంటే కాళ్ళు రాలేదు. నోరు తెరిచి అడగనా అంటే పొగరు. ఎవరి కూతుర్ని మరి.

బయల్దేరే రోజు పొద్దున అందరం మోకాళ్ళూనాం. నాన్న నోరు విప్పలేదు. చూసి చూసి అమ్మే రెండు ముక్కలు ప్రార్థించి లేచింది. ఆయన నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని బస్సు దాకా నడిచారు. ఉయ్యూరు దాటుతుంటే చక్కెర ఫ్యాక్టరీ వాసన గుప్పుమంది. చిన్నప్పట్నుంచీ నాకు రోత ఆ వాసనంటే. ఆవేళ మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందు సీట్లో నాన్న వెనక్కి తిరగలేదు.

బెజవాడ స్టేషన్లో మద్రాసు బండెక్కి కిటికీ దగ్గర కూచున్నాను. ఇక కదుల్తుందనగా నాన్న ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా తల మీద వేశారు. కళ్ళు మూసుకుని మొదలెట్టారు, కాలవ నీళ్ళ దగ్గర్నుంచి. గార్డు విజిలేశాడు. ఆయన ఇంకా వరిచేలల్లోనే ఉన్నారు. నేను ఆయన పక్కనున్న అమ్మ వైపు చూశాను. జీవితంలో మొదటిసారి అమ్మ దగ్గలేదు. పక్కింటివాళ్ళ చూడిగేదె సుఖంగా ఈనాలని నాన్న అడుగుతుండగా బండి కదిలింది. కళ్ళు తెరవకుండానే పక్కన నడిచారు. చెయ్యి జారిపోయింది.

నా పేరు రాలేదు. ఆమెన్ రాలేదు.

అక్కడ పని బాగానే చేశాను. చెట్టుకింద తక్కెడ కట్టి పసిపిల్లల్ని తూచడం, నీళ్ళు కాచి తాగమని వచ్చీరాని వాళ్ళ భాషలో పోరడం. ఆ తల్లులు నా మాటలకి పడీపడీ నవ్వేవారు, మళ్ళీ వాళ్ళే వండి పెట్టేవారు. సుఖంగానే ఉన్నాను. కానీ ఆ ప్రార్థన మాత్రం ముల్లులా ఉండిపోయింది. నా దాకా రావడానికి టైము చాల్లేదా, ఆయనకే మనసు రాలేదా?

రెండేళ్ళ తర్వాత అదే స్టేషన్లో దిగాను. అమ్మ నన్ను తడిమి చూసి, పుల్లలా అయిపోయావే అని ఏడ్చింది. నాన్న జుట్టు బాగా నెరిసింది. ట్రంకుపెట్టె నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టారు.

"గేదె దాకా వచ్చాం కదూ," అన్నారు.

జనం తోసుకుంటూ పోతున్నారు. ఆయన నా తల మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నారు. నన్ను పేరు పెట్టి పిలిచి, "ఈ నా బిడ్డని నీ పనికి నేనే పంపుతున్నాను తండ్రీ. క్షేమంగా తీసుకురా. ఆమెన్," అన్నారు.

వచ్చేశానుగా నాన్నా, అందామనుకున్నాను. అమ్మ అన్నాక, నేనూ ఆమెన్ అన్నాను.