గచ్చపొదలో మౌనవ్రతం

చందాపుర వీధుల్లో పెద్దమునియప్ప తోపుడుబండి కంటే ముందు ఆయన గొంతు వస్తుంది. మీసాలొచ్చినప్పటి నుంచీ వంకాయలమ్మి బతికాడనడం కంటే అరిచి బతికాడనడం న్యాయం. అలాంటి మనిషికి పైకి చెప్పుకోలేని చోట వాపు వచ్చింది. బండి తోస్తే ప్రాణం పోతోంది. ఆస్పత్రికి వెళితే పేరుతోపాటు జబ్బును కూడా గట్టిగా పిలుస్తారని భయం.

ఇంట్లో తాతలనాటి మందు ఉంది. గచ్చాకు ఆముదంలో వేయించి గోరువెచ్చగా కట్టాలి. నియమం ఒక్కటే. ఆదివారం పొద్దుపొడవక ముందు బయల్దేరి, ఆకు కోసుకుని ఇల్లు చేరేదాకా నోరు మెదపకూడదు. మెదిపితే అది మందు కాదు, ఆకుకూర.

గచ్చపొదలన్నీ నరికేసి లేఔట్లు వేశారు. తర్వాత ఆ లేఔట్లలోనే ఒక అపార్ట్‌మెంటు వాళ్లు, ప్రకృతి మీద ప్రేమతో, వెనక గోడకు గచ్చ నాటించారు. పెద్దమునియప్ప అందులో చెయ్యి పెట్టాడు. గచ్చముల్లు కొక్కెం లాంటిది, పోనిస్తుంది, రానివ్వదు. ముందు చొక్కా చిక్కింది, తర్వాత పంచె, చివరికి మీసం.

తెల్లవారుతుండగా వాచ్‌మన్ నంజప్ప కర్రతో వచ్చాడు.

“ఎవురప్పా నువ్వు? ఏం దొంగిలిస్తా ఉండావు?”

పెద్దమునియప్ప పిడికిట్లోని ఆకుల్ని కళ్లతో చూపించాడు.

“మూగోడివా?”

మీసం అనుమతించినంత మేరకు కాదన్నట్టు తల ఊపాడు.

“సరే, సైగన్నా చెయ్. ఆకు దేనికి?”

పెద్దమునియప్పకు ఒక చెయ్యి ఖాళీగానే ఉంది. దాన్ని ఎక్కడికి చూపించాలో తలుచుకుని, ఆ చేతిని కూడా పొదలోకే దోపేశాడు.

వాకింగ్‌కి వచ్చినవాళ్లు మూగారు. ఒకాయన వీడియో తీశాడు. నంజప్ప పోలీసులకు ఫోన్ చేయబోతుండగా, మొగుణ్ణి వెతుక్కుంటూ శాంతమ్మ పరుగున వచ్చింది.

“మా ఆయప్ప దొంగ కాదన్నా! గోచి కట్టుకునే కాడ గుండు వంకాయంత వాసిండాది. మాట్లాడితే మందు పనిచెయ్యదని నోరు మూసుకోనుండాడు!”

పెద్దమునియప్ప ఇక ఆగలేకపోయాడు.

“ఇంకా గట్టిగా చెప్పవే! అత్తిబెలె ఊరోళ్లకి వినపడలేదంట!”

మందు చెడింది. నంజప్ప ఒక్కో ముల్లూ విడదీసి ఆయన్ని బయటికి లాగాడు. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

“ఆముదం ఎంత పొయ్యాలన్నా?”

మరుసటి ఆదివారం పెద్దమునియప్ప మళ్లీ వచ్చేసరికి పొద దగ్గర నంజప్ప, వీడియో తీసినాయన, ఇంకెవరో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరినీ పలకరించలేదు.