ముప్పై ఒక్క ఎర్రచుక్కలు

తప్పిపోయినవి: ముప్పై ఒక్క మంది పేషెంట్లు, పద్నాలుగు ఫోన్ నంబర్లు, తొమ్మిది అద్దె ఇళ్ల చిరునామాలు, ఒక వేసవి మొత్తానికి నా మధ్యాహ్నపు కునుకు.

సికింద్రాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్‌గా ఉండేవాణ్ని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని తెలిసి, సర్జన్ మేడమ్ ఆ వేసవిలో నాలుక క్యాన్సర్ ఫైళ్లన్నీ నాకు అప్పగించారు. ఎవరు ఎక్కువకాలం బతికారు, దేనివల్ల అన్నది తేల్చాలి.

చూడాల్సినవి కొన్నే. గడ్డ ఎంత లోతుకు దిగింది, మెడ గ్రంథులకు పాకిందా, కోసిన అంచు క్యాన్సర్ లేకుండా శుభ్రంగా ఉందా. పైకి చిన్న పుండులా కనిపించినా, లోతుంటే మెడ గ్రంథులు కూడా తీస్తారు. నా పట్టికలో, చెకప్‌కు రావడం మానేసినవాళ్ల ఫైలు నంబరు పక్కన నేనొక ఎర్రచుక్క పెట్టాను. నా తప్పల్లా అదే.

అల్వాల్ ఆటోడ్రైవర్ నర్సింహకు గడ్డ లోతు ఎనిమిది మిల్లీమీటర్లు. ఆపరేషన్ కాగితాల కోసం నా బల్ల దగ్గరికొచ్చి, ఆ పట్టికను తలకిందులుగానే చదివేశాడు. ఎనిమిది, ఆపైన ఉన్న వరసల్లో చుక్కలు లెక్కపెట్టుకుని, సంతకం చేయకుండా వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే, "గంతమంది సచ్చినంక నాకెందుకు సార్ గీ ఆపరేషన్?" అన్నాడు. చుక్కంటే చావు కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. బతికున్నవాళ్లను ఒక్కర్ని చూపించమన్నాడు. ఆపరేషన్‌కు వారమే ఉంది. ఆలస్యమైతే గడ్డ ఆగదని మేడమ్ హెచ్చరించారు.

ఎర్రచుక్కల ఫైళ్లు పట్టుకుని బస్సులెక్కాను. నాలుగో రోజు యాప్రాల్‌లో ఒక ఇంటి ఓనరు, పాత కిరాయిదారు యాదమ్మ మిర్చిబండిని వేలుపెట్టి చూపించాడు. ఆమె గడ్డ లోతు తొమ్మిది, మెడలో ఒక గ్రంథికి పాకింది కూడా. రెండు లెక్కల్లోనూ నర్సింహకన్నా కష్టమైన కేసు. ఆపరేషనై ఆరేళ్లు. చెకప్‌లు ఎందుకు మానేశావని అడిగాను.

"బాగున్నోళ్లు దవాఖానకెందుకొస్తరు సారూ?"

రోడ్డుమీదే పగలబడి నవ్వాను. ఆ ఆనందంలో ఆరు మిర్చీలు తిన్నాను. విషయం చెబితే, తానే వచ్చి ఆ మనిషితో మాట్లాడతానంది.

మర్నాడు నేను పిలిపించిన నర్సింహ ఎదుట కూర్చుంది. మాట కాస్త ముద్దగా ఉన్నా, జోరు తగ్గలేదు.

"తమ్మీ, నాలుక కోస్తరంటే మా ఆయన మస్తు ఖుషీ అయిండు, ఇగ ఇంట్ల లొల్లి ఉండదని. ఇప్పుడు చూడు, ఎంత పరేషాన్ల ఉన్నడో."

నర్సింహ నవ్వాడు. ఒక్క మనిషిని చూసి లెక్క తేల్చకూడదని నేను నిజాయితీగా చెప్పబోయాను.

"లెక్క మీది సార్, మెడ నాది," అని సంతకం పెట్టాడు.

ఆపరేషన్‌లో అంచు శుభ్రంగా వచ్చింది, గ్రంథులకు పాకలేదు. తర్వాతి నెలల్లో మిగతావాళ్లనూ వెతికాను. యాదమ్మతో కలిపి ఇరవై రెండు మంది ఆచూకీ దొరికింది. పదిహేడు మంది బతికే ఉన్నారు. రాకపోవడం ఒక ఫలితం కాదని, తెలియని గడిని ఖాళీగానే ఉంచాలని అప్పుడు నేర్చుకున్నాను.

నర్సింహ రెండేళ్లు బుద్ధిగా వచ్చాడు. తర్వాత మానేశాడు. నేను ఉద్యోగం వదిలాక ఒకసారి స్టేషన్ దగ్గర నన్ను తన ఆటోలో ఎక్కించుకున్నాడు. చెకప్ మాటెత్తితే, ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు. ఈ రోజు వరకు అతను బాకీ ఉన్న చెకప్‌లు: నాలుగు.